ఊపిరిని తెలిపే ఆంగ్ల పదాలు: అర్థ పరిణామ చరిత్ర

ఆంగ్లంలో ఊపిరికి నేడు వాడుకలో ఉన్న ‘బ్రెత్’ శబ్దం మొదట ఊపిరిని తెలిపేది కాదు. ప్రాచీనాంగ్లంలో దానికి వాసన, ఆవిరి అనే అర్థాలే ఉన్నాయి. ఆవిరిని సూచించే జర్మన్ ‘బ్రోడెమ్’ దీనికి సోదర పదం. ఆ కాలంలో ఊపిరికి ‘ఎథ్మ్’ అనే వేరే మాట ఉండేది. నేటి జర్మన్ ‘ఆటెమ్’కు అది జ్ఞాతి. సుమారు 1300 నాటికి వాసన మాటే ఊపిరి మాటగా స్థిరపడింది, ఎథ్మ్ క్రమంగా లుప్తమయింది. నోటి గాలి ఎదుటివారికి తెలిసేది వాసనగానో, చలికాలంలో కనబడే ఆవిరిగానో కాబట్టి ఈ పరిణామం అసహజమేమీ కాదు. లోనికి పీల్చే గాలి కంటే వెలికి వచ్చే గాలే ముందు ఈ పేరు పొంది ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జర్మన్ ‘ఆటెమ్’, సంస్కృత ‘ఆత్మ’ ఒకే మూలానివని సిద్ధాంతంలా చెప్పడం మన వ్యాసాలలో పరిపాటి. ఆత్మ శబ్దవ్యుత్పత్తిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. అంతకంటే గట్టి ఆధారం ఉన్నది ఊపిరి పీల్చడమనే అర్థంగల ‘అన్’ ధాతువుకు. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమాన శబ్దాలు దాని నుంచి పుట్టినవే. లాటిన్ ‘అనిమా’, గాలి అనే అర్థంగల గ్రీకు ‘అనెమోస్’ ఆ కుటుంబానికే చెందుతాయి. ఆంగ్లంలోని ‘ఏనిమల్’, మన ‘ప్రాణి’ ధాతువులోనూ భావంలోనూ ఒకటే. ఈ సామ్యాన్ని వదిలి సందేహాస్పదమైనదాన్ని పట్టుకోవడం ఎందుకో బోధపడదు.

లాటిన్ ‘స్పిరారే’ నుంచి వచ్చిన పదాలది మరో చరిత్ర. హీబ్రూ ‘రూఆఖ్’, గ్రీకు ‘న్యూమా’, లాటిన్ ‘స్పిరిటుస్’ మూడింటికీ గాలి, ఊపిరి అనే భౌతికార్థాలు ఉన్నాయి. బైబిలు ద్వారా ఆంగ్లంలోకి వచ్చిన ‘స్పిరిట్’లో ఆ భౌతికార్థం వెనుకబడింది. దేశీయమైన ‘గోస్ట్’ దానితో చాలాకాలం పోటీపడింది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో రెండూ కనిపిస్తాయి. తెలుగు అనువాదకులు ‘పరిశుద్ధాత్మ’ అన్నారు. అక్కడ గాలి స్పర్శ పూర్తిగా పోయింది.

ఉపసర్గలు చేరిన రూపాలలో ‘ఇన్‌స్పైర్’, ‘ఎక్స్‌పైర్’, ‘కన్‌స్పైర్’ చాలామందికి తెలిసినవే. ‘పర్‌స్పైర్’, ‘ట్రాన్‌స్పైర్’లకు వైద్యశాస్త్ర చరిత్రతో సంబంధం ఉంది. 1614లో సాంటోరియో తనను తాను తూకం వేసుకుంటూ చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. తిన్నదానికీ విసర్జించినదానికీ మధ్య మిగిలే తేడాను కంటికి కనబడని ఉచ్ఛ్వసనంగా, చర్మం గుండా జరిగే ఊపిరిగా, భావించారు. ‘పర్‌స్పిరేషన్’ అంటే అదే. చెమటకు మర్యాదపూర్వకమైన పేరుగా అది మారింది తర్వాతే. 1727లో స్టీఫెన్ హేల్స్ మొక్కల నుంచి వెలువడే నీటిని కొలిచినప్పుడు కూడా ఈ మాటనే వాడాడు. నేడు దానికి ‘ట్రాన్‌స్పిరేషన్’ అంటారు. మన పాఠ్యగ్రంథాలు దీన్ని ‘బాష్పోత్సేకం’ చేశాయి. శాస్త్రీయంగా మంచి మాటే, కాని మొక్క ఊపిరి తీస్తుందన్న పాత ఊహ అందులో కనబడదు. ‘ట్రాన్‌స్పైర్’కు రహస్యం బయటపడడమనే అర్థం కూడా వచ్చింది. 1755 నాటి నిఘంటువులో జాన్సన్ దాన్ని ఫ్రెంచి నుంచి అనవసరంగా తెచ్చుకున్నదిగా తప్పుపట్టాడు. జరగడమనే అర్థం వచ్చాక శుద్ధివాదుల ఆక్షేపణ మరింత పెరిగింది. (గ్రీకులో నాడి ఆగడాన్ని తెలిపే ‘అస్ఫిక్సియా’ ఊపిరాడకపోవడంగా మారినప్పుడు ఇంత అలజడి లేదు.)

తెలుగులోనూ ఇటువంటి పని విభజన ఉంది. దేశ్యమైన ‘ఊపిరి’ శరీరాన్ని విడవలేదు. ఊపిరితిత్తి, ఊపిరాడకపోవడం, ఊపిరి సలపకపోవడం దానికి సాక్ష్యం. తత్సమమైన ‘ప్రాణం’ జీవమనే అర్థానికి పరిమితమయింది. ప్రాణం పోయిందంటే ఎవరికీ గాలి గుర్తుకు రాదు. ఆంగ్లంలో ‘బ్రెత్’, ‘స్పిరిట్’ల మధ్య ఉన్నదీ ఇదే సంబంధం.

ఒక్కచోట మాత్రం ‘ప్రాణం’ గాలిగానే నిలిచింది. అది వర్ణశాస్త్రం. లాటిన్ వ్యాకర్తలు హకారాన్ని ‘ఆస్పిరాతియో’ అన్నారు. గ్రీకులోని ‘గరుకు ఊపిరి’ అనే సంజ్ఞ దీనికి వెనుక ఉంది. మనవారు ఒత్తక్షరాలను మహాప్రాణాలన్నారు. ఈ రెండు సంజ్ఞలలో ఒకటి మరొకదానికి అనువాదం కాదు. ‘శ్వాస’, ‘నాద’ భేదం సంగతి వేరు. కంఠరంధ్రం తెరుచుకుంటే శ్వాసం, మూసుకుంటే నాదం, నడిమి స్థితిలో హకారం అని తైత్తిరీయ ప్రాతిశాఖ్య వివరిస్తుంది. దాన్ని విట్నీ ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల ధ్వనిశాస్త్రంలో ‘బ్రెత్’, ‘వాయిస్’ పారిభాషిక పదాలుగా నెలకొనడంలో ఈ భారతీయ శాస్త్ర పరిచయం పాత్ర గణనీయం. ప్రాచీన భారత ధ్వనిశాస్త్రంపై 1953లో వెలువడిన గ్రంథంలో డబ్ల్యు. ఎస్. అలెన్ ఈ ఋణాన్ని సోదాహరణంగా చూపాడు. అందువల్ల ఆంగ్ల గ్రంథాలలోని ‘బ్రెత్డ్’ అనే సంజ్ఞను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు కొత్త మాట కల్పించడం కంటే ‘శ్వాస’ సంజ్ఞనే తిరిగి గ్రహించడం యుక్తం.