అశ్వవిద్యకు పట్టము వచ్చిన కథ

అమెరికా దేశమునందలి కెంటకీ రాష్ట్రములో, లెక్సింగ్టన్ నగరమున నున్న విశ్వవిద్యాలయములో, అశ్వవిజ్ఞానమును అశ్వనిర్వహణమును ఒక్క పేరిట కూర్చి నాలుగేండ్ల బి.ఎస్. పట్టమునకు చదివించుచున్నారు. ఈ చదువున చేరువారందఱును పశువైద్యులు కాదలచినవారు కారు. పందెములలో స్వారి చేయదలచిన వారును కారు. గుర్రము తిన్న గడ్డి యెట్లు జీర్ణమగును, గుర్రపుపిల్ల యెముక ఏ వయస్సునకు గట్టిపడును, పచ్చికబయలు బీడువడకుండ ఎట్లు కాపాడవలెను, అశ్వశాలకు ఆదాయవ్యయముల లెక్క యెట్లు కట్టవలెను అనునవి వారి పాఠములు. ఇంగ్లండులోను, అమెరికాలోని ఇతర రాష్ట్రములలోను ఇట్టి పట్టములు మఱికొన్ని కలవు.

ఆలోచించి చూచినచో ఇందొక విచిత్రము గోచరించును. మానవుడు గుర్రమును నమ్ముకొని రాజ్యములను గెలిచిన కాలమున, దుక్కిని, టపాను, వర్తకమును దాని వీపుమీద నడిపిన కాలమున, ఏ విశ్వవిద్యాలయమును దానిపేర పట్టము నొసగలేదు. యంత్రము వచ్చి గుర్రమును బండినుండియు, నాగలినుండియు, సేననుండియు విడిపించిన తరువాతనే ఆ పట్టము పుట్టినది. అవసరము తీరినపిమ్మట శాస్త్ర మేల పుట్టెనో తెలిసికొనవలెనన్న, ఈ విద్య యెవరిచేతులమీదుగా ఎట్లు నడచివచ్చెనో మొదటినుండి చూడవలసియున్నది.

మనకు దొరకిన అశ్వశిక్షణ గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నొకటి మట్టిపలకలమీద నున్నది. సుమారు 3,400 ఏండ్ల క్రిందట మితన్ని దేశీయుడైన కిక్కులి అను అశ్వశిక్షకుడు చెప్పిన క్రమము, హిత్తైతుల రాజధానియైన హత్తుసలో, అనగా నేటి తుర్కీ దేశములో, పలకలపై వ్రాయబడి భద్రపఱుపబడినది. రథమునకు కట్టు గుర్రమును ఏ దినమున ఎంత దూరము నడిపింపవలెను, ఎంత దూరము పరుగెత్తింపవలెను, ఎప్పుడు స్నానము చేయింపవలెను, ఎప్పుడు కంబళి కప్పవలెను, ఏ పూట దాణా పెట్టవలెను, ఏ పూట మానవలెను అని నెలల తరబడి దినచర్యగా అందు విధింపబడియున్నది. చెమటపట్టిన గుర్రమును కడిగి, తుడిచి, కప్పి నిలుపుట మొదలు, బలమును కొలతప్రకారము పెంచుటవఱకు అందు చెప్పబడిన పనులను నేటి శిక్షకుడును చేయుచునే యున్నాడు.

గ్రీసు దేశమున క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలో సెనోఫన్ అను సేనాని అశ్వారోహణమును గూర్చి వ్రాయుచు, గుర్రమును కొనువాడు మొట్టమొదట గిట్టలను పరీక్షింపవలెననియు, గట్టినేలమీద గిట్ట పలుకు ధ్వనిని సైతము వినవలెననియు, కోపము వచ్చినపుడు గుర్రము జోలికి పోరాదనియు ఉపదేశించెను. మన దేశమున ఈ విద్యకు శాలిహోత్రుడు మూలపురుషుడని పరంపర చెప్పుచున్నది. నకులుని పేర అశ్వచికిత్స గ్రంథమును, జయదత్తుని అశ్వవైద్యకమును ఆ సంప్రదాయమునకు చెందినవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షునకు ప్రత్యేకముగ ఒక ప్రకరణమే కలదు. గుర్రముల కులము, వయస్సు, రంగు, గుర్తులు పుస్తకమున కెక్కించుట, కాంభోజ సైంధవాది దేశభేదములనుబట్టి శ్రేష్ఠతను నిర్ణయించుట, ఈనిన గుఱ్ఱమునకు మూడు రాత్రులు ప్రస్థము చొప్పున నేయి త్రాగించుట, వైద్యుని అలక్ష్యముచే రోగము ముదిరినచో దండన విధించుట, ఇవన్నియు అందు కలవు. లెక్కయు చికిత్సయు పోషణమును ఒక్క అధికారి క్రిందనే యుండుట గమనింపదగినది. విజ్ఞానమును నిర్వహణమును వేఱుచేయని ఆ దృష్టి నేటి పట్టమునకు దూరపు చుట్టమని చెప్పవచ్చును.

ఈ విద్య లేనిచోట కలుగు నష్టము ఎంతటిదో దక్షిణాపథ చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. పదమూడవ శతాబ్ది తుదిభాగమున పాండ్యదేశమును చూచిన మార్కో పోలో, అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుర్రములను సముద్రమార్గమున దిగుమతి చేసికొనుచుండగా, పోషించు విధము తెలియకపోవుటచేతను, లాడములు కొట్టి చికిత్స చేయు పనివాండ్రు లేకపోవుటచేతను, అవి ఏడు తిరుగకుండ చచ్చుచున్నవనియు, వర్తకులు తమ బేరము తగ్గిపోవునని అట్టి పనివాండ్రను రానీయకుండిరనియు వ్రాసెను. విద్యను దాచిపెట్టిన ధనము వచ్చునని వర్తకులు గ్రహించిరన్నమాట. తరువాతి శతాబ్దులలో విజయనగర రాజులు హోర్ముజు రేవునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చు గుర్రములకై అపారధనమును వెచ్చించిరి. ఏటికి 13,000 గుర్రములను కొనుచుండిరని న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసిపెట్టెను. అట్టి కాలమున తెలుగున మనుమంచి భట్టు అను కవి అశ్వలక్షణములను పద్యములలో కూర్చెనన్న ఆశ్చర్యము లేదు. సుడులు, వర్ణము, కంఠధ్వని, నడక చూచి గుర్రము గుణమును నిర్ణయించు ఆ విద్యలో నమ్మకమును, అనుభవమును కలగలిసియున్నవి. నమ్మకమునుండి అనుభవమును వేఱుచేసి నిగ్గుతేల్చు పని మాత్రము మఱియొక యుగమునకు మిగిలియుండెను.

ఆ పని ఐరోపాలో శవపరీక్షతో ప్రారంభమైనది. బొలోన్యా నగరమున శాసనసభ్యుడైన కార్లో రూయిని వ్రాసిన అశ్వశరీర నిర్మాణ గ్రంథము 1598లో వెలువడినది. వైద్యవృత్తి కాని వాడు, గుర్రములపై మక్కువ చేత, ఒక్క జంతువునే విషయముగా గైకొని ఎముకలను కండరములను నరములను బొమ్మలతో విశదపఱచుట అదియే ప్రథమము. పిమ్మట ఫ్రాన్సులో, లియోన్ పట్టణమందలి స్వారివిద్యాలయమునకు అధిపతియైన క్లాడ్ బూర్జెలా, పశువుల మహమ్మారులతో దేశము బాధపడుచున్న తరుణమున, రాజానుమతిని పొంది, ప్రపంచమున మొట్టమొదటి పశువైద్య పాఠశాలకు 1761లో అంకురార్పణ చేసి, మఱుసటి యేట విద్యార్థులను చేర్చుకొనెను. స్వారి నేర్పువాడే వైద్యవిద్యాలయమునకు స్థాపకుడగుట ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. గుర్రపుసాల నుండి తరగతిగదికి తెరువు తీసినది అతడే.

లియోనులో చదివిన షార్ల్ వియాల్ ద సాన్‌బెల్ ఇంగ్లండునకు పోయి, ఓటమి యెఱుగని పందెపుగుర్రమని ప్రసిద్ధి కెక్కిన ఎక్లిప్సు 1789లో చనిపోగా దాని కళేబరమును కోసి కొలిచి, ఆ వేగమునకు మూలము అవయవముల పొందికలో నెట్లున్నదో వివరింపబూనెను. 1791లో లండనులో వెలసిన పశువైద్య కళాశాలకు అతడే తొలి ఆచార్యుడు. లియోను పాఠశాలలోనే చదివిన మఱియొకడు విలియం మూర్‌క్రాఫ్ట్. ఇతడు 1808లో మన దేశమునకు వచ్చి, బిహారునందలి పూసాలో కంపెనీవారి అశ్వోత్పత్తి క్షేత్రమునకు అధికారియై, అచ్చట ఓట్సు ధాన్యపు సాగును పెంపుచేసి, మేలుజాతి గుర్రములకై లదాఖు, కాబూలు మీదుగా బుఖారా వఱకు పోయి, తిరుగుదారిలో 1825లో ఆఫ్గాన్ దేశమున మరణించెను. ఆ పూసా భూములమీదనే 1905లో భారత ప్రభుత్వపు వ్యవసాయ పరిశోధనాలయము వెలసినది. అనగా, మన దేశపు వ్యవసాయ విజ్ఞానమునకు పునాది పడిన నేల మొదట గుర్రముల నేలయే.

కంటికి కనబడిన దెల్ల సత్యము కాదని గుర్రమే శాస్త్రజ్ఞులకు నేర్పిన సందర్భమొకటి కలదు. దౌడు తీయు గుర్రము నాలుగు గిట్టలును ఒక్కమాఱు నేలను విడుచునా విడువదా అను వివాదము చిరకాలముగ నుండగా, 1878లో కాలిఫోర్నియాలో, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రములశాలలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగుదారి వెంబడి పండ్రెండు కెమేరాలను వరుసగ నిలిపి, గుర్రము దాటిపోవుచుండగా ఛాయాచిత్రములు తీసెను. చిత్రకారులు తరతరములుగ గీసినట్లు ముంగాళ్ళు ముందునకును వెనుకకాళ్ళు వెనుకకును చాచినపుడు గాక, నాలుగు కాళ్ళును కడుపు క్రిందికి ముడిచిన క్షణముననే గుర్రము గాలిలో నుండునని తేలినది. నేటి విద్యార్థి నడకలోని కుంటును యంత్రములతో కొలుచు విద్యకు అదియే నాంది.

అదే కాలమున అమెరికాలో మఱియొక మార్పు జరిగినది. 1862 నాటి మారిల్ చట్టము వలన రాష్ట్రములకు భూములు లభించి, వ్యవసాయ కళాశాలలు వెలసినవి. కెంటకీ విశ్వవిద్యాలయము కూడ 1865లో అట్లే పుట్టినది. గొడ్డు, గోవు, గుర్రము పశుశాస్త్ర మను ఒకే శీర్షిక క్రింద పాఠములైనవి. ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దమున ఆ దేశమున గుర్రములును కంచరగాడిదలును కలిపి రెండున్నర కోట్లకు మించియుండగా, ట్రాక్టరులు, మోటారులు వచ్చినపిమ్మట 1960 నాటికి ముప్పది లక్షల ప్రాంతమునకు దిగజారినవి. ఇక్కడనే మన ప్రశ్నకు సమాధాన మున్నది. ప్రతి రైతింటను గుర్రమున్నంతకాలము తండ్రి కొడుకునకు, పెద్దసాయిసు చిన్నసాయిసునకు చేతిపనిగా ఈ విద్యను అప్పగించుచుండిరి. గుర్రము ఇంటినుండి వెడలిపోగా ఆ పరంపర తెగినది. గుర్రములు మాత్రము నశింపలేదు. పందెములకు, క్రీడలకు, వినోదమునకు, రోగుల చికిత్సకు అవి మరల పెరుగజొచ్చెను. పెంచువారున్నారు, నేర్పు పెద్దలు లేరు. ఆ వెలితిని పూరించుటకు కళాశాల ముందుకు వచ్చినది. 1970 దశకమునుండి అమెరికా విశ్వవిద్యాలయములు పందెములరంగమునకును అశ్వవిజ్ఞానమునకును ప్రత్యేక పాఠ్యక్రమములను నెలకొల్పుటకు కారణము ఇదియే.

కెంటకీలో ఈ వికాసమునకు నేల కూడ తోడ్పడినది. లెక్సింగ్టన్ పరిసరముల సున్నపురాతి నేలలో పెరుగు పచ్చిక ఎముకబలమునకు మేలని ప్రతీతి. అచ్చట 1987లో తెఱువబడిన గ్లక్ అశ్వపరిశోధనాలయము ఒక్క గుర్రపు రోగములకై వెలసిన సంస్థ. 2001 వసంతమున ఆ ప్రాంతమున గుఱ్ఱములకు వేలకొలదిగ గర్భములు జారిపోయినవి. నెలలు నిండిన పిల్లలును చచ్చిపుట్టినవి. నల్లచెర్రీ చెట్ల ఆకులలోని విషమే కారణమని మొదట కొందఱు తలచిరి. క్షేత్రాధికారులు తమ పచ్చికబయళ్ళను గూర్చి చెప్పిన వివరములను, వైద్యులు శవపరీక్షలలో కనినవానిని, కీటకశాస్త్రజ్ఞులు చెట్లమీద చూచినదానిని ఒక్కచోట చేర్చి, ఆ చెట్లపై గుడారముల వలె గూళ్ళు కట్టు గొంగళిపురుగులు ఆ యేట అసంఖ్యాకముగ పచ్చికలోనికి దిగుటయు, గుర్రములు వానిని గడ్డితో కూడ మ్రింగుటయు కారణమని ప్రయోగములతో నిర్ధారించిరి. వైద్యుడొక్కడు గాని, రైతొక్కడు గాని ఆ గుట్టు విప్పియుండజాలడు. 2005లో కెంటకీ విశ్వవిద్యాలయము తన అశ్వసంబంధ విభాగములను ఏకము చేయు ప్రయత్నమునకు పూనుకొనగా, 2010 ప్రాంతమున నేటి పట్టము స్వతంత్రముగ నిలదొక్కుకొన్నది.

ఈ చదువులో విజ్ఞానమును నిర్వహణమును ఎట్లు పెనవేసికొనియున్నవో ఒక్క విషయముతో చూపవచ్చును. ఉత్తరార్ధగోళమున పందెపుజాతి గుర్రములన్నిటికి, ఏ నెలలో పుట్టినను, జనవరి 1వ తేదీయే జన్మదినముగ లెక్క. కనుక జనవరి ఫిబ్రవరులలో పుట్టిన పిల్ల తన యీడువానికంటె పెద్దదై పరువునకు వచ్చును. ఆడుగుఱ్ఱము చూలు మోయు కాలము సుమారు పదునొకండు నెలలు; అయితే ప్రకృతిలో అది పగటివేళ దీర్ఘమగు వసంతమున గాని ఎదకు రాదు. అందుచేత డిసెంబరునుండియే శాలలో దీపము వెలిగించి, పగటి వెలుగుతో కలిపి దినమునకు పదునాఱు గంటల వెలుతురు పడునట్లు చేయుదురు. ఆ వెలుగు కంటిద్వారా మెదడును చేరి, రాత్రివేళ ఊరు మెలటోనిన్ అను స్రావమును తగ్గించి, అండాశయమును మేల్కొలుపును. శరీరధర్మమును తెలిసికొనుట శాస్త్రము. ఏ శాలలో ఏ గుఱ్ఱమునకు ఏనాడు దీపము పెట్టవలెనో, ఆ ఖర్చు ఫలించునో లేదో నిర్ణయించుట నిర్వహణము. ఈ రెంటిలో ఏ యొక్కటి లేకున్నను దీపము వృథాయే.

తెలుగునాట జట్కాబండ్లు తిరిగిన దినములలో ఉలవలను ఎంతసేపు ఉడికింపవలెనో, గుగ్గిళ్ళు చల్లారినపిమ్మట ఎంత పెట్టవలెనో, కడుపు ఉబ్బరించిన గుర్రమును పడుకొననీయక ఏల నడిపింపవలెనో బండివానికి తెలియును. గుర్రము కడుపు చిన్నది, వాంతి చేసికొనలేదు, గడ్డిని జీర్ణింపజేయు సూక్ష్మజీవులు పెద్దప్రేగులో నున్నవి, కావున దాణా ఒక్కమాఱు హెచ్చినను ప్రాణాపాయమని శాస్త్రము నేడు చెప్పుచున్న కారణములు అతనికి తెలియవు, కాని అతని చేయి తప్పలేదు. హైదరాబాదు మలకుపేట పందెపు మైదానములోని సాయిసులకు ఆ తెలివి నేటికిని కలదు. రాజేంద్రనగరములోను తిరుపతిలోను పశువైద్య కళాశాలలున్నవి. హిసారులో జాతీయ అశ్వపరిశోధన కేంద్రమున్నది. మన తెలుగు యువకులు అమెరికాకు గాని, ఇంగ్లండునకు గాని పోయి ఈ పట్టమును సంపాదించి తిరిగివత్తురేని, మొదట చేయవలసిన పని ఆ సాయిసులచెంత కూర్చుండి వారి చేతివాటమును గ్రంథస్థము చేయుట. పరంపర తెగిన దేశములు దానిని కళాశాలలో మరల కూర్చుకొనవలసివచ్చినది. మనకు అది ఇంకను కొంత బ్రతికియున్నది గనుక, పట్టము వచ్చిన విద్యకును పట్టము లేని విద్యకును ముడివేయు అదృష్టము మనకు దక్కినది. ఆ ముడిని వేయుటకు ఇప్పుడు ఉపేక్షించితిమా, రేపు మనవారికి మన గుర్రమునుగూర్చి పరదేశపు పాఠ్యపుస్తకములే చెప్పవలసివచ్చును.