చిట్యాల అని కొడితే ఏ చిట్యాల చూపిస్తోంది? కొత్త జిల్లాల అడ్రస్‌లకు జియోకోడింగ్ లైబ్రరీ వాడుతున్నారా.. ఇవి చూసుకోవాల్సిందే!

ఊరి పేరు టైప్ చేయగానే మ్యాప్‌పై గుర్తు పడుతుంది. చూసేవాళ్లకు అంతే కనిపిస్తుంది. కానీ ఆ గుర్తు తప్పు చోట పడితే పార్శిల్ మరో మండలానికి పోతుంది.. అంబులెన్స్ పక్క జిల్లా దారి పడుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అడ్రస్‌లతో వెబ్‌సైట్లు తయారుచేసేవారికి ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువే. ఎందుకో, ఎలా తప్పించుకోవాలో చూద్దాం.

జియోకోడింగ్ అంటే ఏంటి?

మాటల్లో రాసిన అడ్రస్‌ను అక్షాంశ, రేఖాంశాలుగా మార్చడమే జియోకోడింగ్. గూగుల్ మ్యాప్స్, మన దేశానికి చెందిన మ్యాప్‌మైఇండియా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడిచే నామినేటిమ్ లాంటివి ఈ సేవను ఏపీఐ రూపంలో ఇస్తున్నాయి. ఒక్కో ఏపీఐకి అడిగే పద్ధతి, జవాబిచ్చే పద్ధతి వేరు. ఆ తేడాలను తన మీద వేసుకుని, రెండు మూడు లైన్ల కోడ్‌తో పని అయ్యేలా చేసేదే క్లయింట్ లైబ్రరీ. పైథాన్ వాడేవారికి జియోపై, నోడ్‌ జేఎస్ వాడేవారికి నోడ్-జియోకోడర్ బాగా తెలిసినవి.

ఈ జిల్లాల్లో చిక్కు ఎక్కడ?

2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అప్పుడు పుట్టినవే. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిపోయింది. అంటే ఏటూరునాగారం అడ్రస్ ఒక కాగితంలో వరంగల్ జిల్లా, ఇంకో కాగితంలో భూపాలపల్లి జిల్లా, ఇప్పటి కాగితంలో ములుగు జిల్లా. గార్ల, బయ్యారం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు మహబూబాబాద్ కిందకు వచ్చాయి. పాత రికార్డుల్లోని జిల్లా పేరునే నమ్ముకుంటే లైబ్రరీ దారి తప్పుతుంది.

ఒకే పేరున్న ఊళ్లతో మరో తలనొప్పి. చిట్యాల మండలం భూపాలపల్లిలో ఉంది, నల్గొండలోనూ ఉంది. రెండింటి మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైమాటే. పాలకుర్తి మండలం జనగామలో ఒకటి, పెద్దపల్లిలో ఒకటి. మహబూబాబాద్‌ను జనం మానుకోట అనే పిలుస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. వాటి పేర్లు పాత డేటాలో ఉండకపోవచ్చు.

అసలు ప్రమాదం ఇక్కడే. ఊరు దొరక్కపోయినా ఏపీఐ చాలాసార్లు "తెలియదు" అనదు. మండల కేంద్రాన్నో, జిల్లా కేంద్రాన్నో చూపించి ఊరుకుంటుంది. కోడ్‌లో ఎర్రర్ రాదు, గుర్తు మాత్రం తప్పు.

డెవలపర్లు ఏం చేయాలి?

1. ఊరు, మండలం, పిన్‌కోడ్ మూడూ విడివిడి గళ్లలో తీసుకోవాలి. జనగామ పిన్‌కోడ్ 506167, మహబూబాబాద్‌ది 506101, భూపాలపల్లిది 506169. అయితే ఒక పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లు ఉంటాయి కాబట్టి అదొక్కటే సరిపోదు.

2. వెతుకులాటకు హద్దు పెట్టాలి. దేశం ఇండియా అని చెప్పడంతో పాటు, జియోపైలో నామినేటిమ్ వాడితే వ్యూబాక్స్‌తో ఆ జిల్లాల చుట్టూ గడి గీయొచ్చు. గడి బయట పడిన జవాబును వద్దనవచ్చు.

3. జవాబుతో పాటు వచ్చే నాణ్యత గుర్తును చదవాలి. గూగుల్ ఏపీఐలో "రూఫ్‌టాప్" అంటే కచ్చితమైన అడ్రస్. "అప్రాక్సిమేట్" అంటే ఉజ్జాయింపు. "పార్షియల్ మ్యాచ్" అని వస్తే అడిగినదంతా దొరకలేదని అర్థం. ఇలాంటివి నేరుగా సేవ్ చేయకుండా మనిషి చూసేలా పక్కన పెట్టాలి.

4. అంకెల వరుస చూసుకోవాలి. గూగుల్‌లో ముందు అక్షాంశం, జియోజేసన్‌లో ముందు రేఖాంశం. జనగామ సుమారు 17.72, 79.15 దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే గుర్తు ఏకంగా ఉత్తర ధ్రువం వైపు, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది!

5. లిమిట్ దాటొద్దు. నామినేటిమ్ ఉచిత సర్వర్‌ను సెకనుకు ఒక్కసారి మించి అడగకూడదు. యాప్ పేరును యూజర్ ఏజెంట్‌గా ఇవ్వాలి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు పేజీలో కనిపించాలి. ఒక్కో అక్షరానికి ఊరి పేర్లు చూపించే ఆటోకంప్లీట్‌కు దాన్ని వాడనివ్వరు. జియోపైలోని రేట్ లిమిటర్ సెకను నియమాన్ని చూసుకుంటుంది.

6. ఒకసారి వచ్చిన జవాబును దాచుకుంటే మళ్లీ అడగక్కర్లేదు. కానీ నిబంధన చదవాలి. గూగుల్ ఇచ్చిన అక్షాంశ, రేఖాంశాలను 30 రోజులకు మించి దాచకూడదు. ప్లేస్ ఐడీని మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు.

7. ఏపీఐ కీని పేజీ కోడ్‌లో పెడితే ఎవరైనా కాపీ కొట్టొచ్చు, బిల్లు యజమాని మీద పడుతుంది. సర్వర్ నుంచే అడిగి, ఆ సర్వర్ ఐపీకి మాత్రమే కీ పనిచేసేలా కట్టడి చేయడం మేలు.

జిల్లా పేరు కాదు.. కోడ్ ముఖ్యం

డేటాబేస్‌లో జిల్లా పేరును అక్షరాల్లో రాసి వదిలేస్తే, హద్దులు మారిన రోజు అన్నీ దిద్దుకోవాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికి ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ఊరికి జత చేసుకుంటే జిల్లా పేరు మారినా ఊరు చేజారదు.

డిజిపిన్ వస్తే సరిపోతుందా?

తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీతో కలిసి తయారుచేసిన ఈ పది అక్షరాల కోడ్ దాదాపు నాలుగు మీటర్ల గడిని గుర్తిస్తుంది. పేరులేని తండాకూ, పొలం గట్టుకూ అడ్రస్ దొరికినట్టే. అయితే ఇది అక్షాంశ, రేఖాంశాల నుంచే లెక్క కడుతుంది. అవి తప్పయితే డిజిపిన్ కూడా తప్పే.

అందుకే చివరి మాట ఇంటివాళ్లకే వదలాలి. గుర్తు చూపించి "మీ ఇల్లు ఇదేనా?" అని అడగాలి, కాకపోతే వేలితో జరిపే వీలివ్వాలి. సైట్ మొదలుపెట్టే ముందు మూడు జిల్లాల్లో తెలిసిన ఊళ్లు కొన్ని ఇచ్చి చూసుకుంటే ఏ చిట్యాల వస్తోందో అక్కడే తేలిపోతుంది.