దయ్యపు ధూళి

మా చిన్నతనంలో మధ్యాహ్నంవేళ వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లో..." అన్న కేక వినబడేది. మా నాయనమ్మ పాత చీరలూ పంచెలూ తెచ్చి అరుగుమీద పెట్టేది. సామాన్ల ఆమె ఒక్కొక్కదాన్నీ వెలుతురుకెత్తి చిరుగులు లెక్కపెట్టేది. గంటసేపు బేరమాడగా చివరికి దక్కేది ఒక చిన్న గిన్నె. మరీ చిరిగినవాటిని ఆమె ముట్టుకొనేది కాదు. అవి బొంతలోకి చేరేవి. గంపకెక్కినవి ఏమవుతాయని నేనప్పుడు అడగలేదు. చాలా ఏళ్ల తరువాత ఒక ఆంగ్లపదం పుట్టుపూర్వోత్తరాలు వెదకబోతే ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఆ పదం 'షాడీ'.

నాసిరకం పనినీ, నాసిరకం వస్తువునూ ఇంగ్లీషులో నేడు షాడీ అంటారు. మొదట అది తిట్టు కాదు, ఒక ఉన్ని పేరు. ఇంగ్లండులోని యార్క్‌షైరులో బాట్లీ అనే ఊరుంది. అక్కడ 1813లో బెంజమిన్ లా అనే ఆయన చింకి ఉన్నిగుడ్డలను చీల్చి, మళ్లీ పోగులుగా విడదీసి, కొంత కొత్త ఉన్ని కలిపి వడికించి, నేయించాడు. అవి నెపోలియనుతో యుద్ధాలు జరుగుతున్న రోజులు. సైనికుల దుస్తులకు గిరాకీ హెచ్చు, ఉన్ని కొరత. ఆ అవసరంలోంచే ఈ ఉపాయం పుట్టింది. అల్లిన మెత్తని గుడ్డల నుంచి తీసిన ఉన్ని షాడీ. దర్జీల కత్తిరింపుల వంటి గట్టి నేతగుడ్డల నుంచి తీసిన పొట్టి పోగు ఉన్ని మంగో. ఈ రెంటిమీదా బాట్లీ, దాని పొరుగూరు డ్యూస్‌బరీ పెద్ద పట్టణాలయ్యాయి. 1860 నాటికే బాట్లీవాసి శామ్యూల్ జబ్ ఈ వ్యాపారానికి ఒక చరిత్రగ్రంథం రాశాడు.

గుడ్డలను చీల్చే యంత్రంలో గిరగిర తిరిగే పీపాకు ఇనుపపళ్లుండేవి. దానికి కార్మికులు పెట్టిన పేరు 'దయ్యం'. అది వెళ్లగక్కేది 'దయ్యపు ధూళి'. 1842లో ఫెరాండ్ అనే సభ్యుడు ఈ మాటను బ్రిటిషు పార్లమెంటు దాకా తీసుకుపోయాడు. ఆయన కోపమల్లా ఈ సరుకుతో నేసిన బట్ట కొన్నవారిని మోసం చేస్తోందని. ఆ తరువాత 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. గుత్తేదారులు హడావుడిగా కుట్టించి ఇచ్చిన షాడీ దుస్తులు సైనికుల ఒంటిమీదనే పీలికలైనాయి. అంతటితో ఆ ఉన్ని పేరు తిట్టుగా స్థిరపడింది.

నన్నాపిన సంగతి ఇక్కడే ఉంది. మోసపోయిన కొనుగోలుదారును ఈ పదం గుర్తుపెట్టుకుంది. ఆ ధూళిని పీల్చినవారిని పెట్టుకోలేదు. దయ్యం దగ్గర పనిచేసేవారికి వచ్చే దగ్గునూ జ్వరాన్నీ ఆ ఊళ్లలో 'షాడీ జ్వరం' అనేవారు. దేశదేశాల నుంచి దిగుమతి అయిన గుడ్డలను వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఆ మూటలతోపాటు మశూచి కూడా దిగేదనీ, దానికి మొదట బలయ్యేది వీళ్లేననీ 1867లో మార్క్స్ తన 'పెట్టుబడి'లో రాశాడు. మరోవైపు, కొత్త ఉన్ని కొనలేని పేదవాడికి వెచ్చని కోటు అందించింది కూడా ఈ తిట్టుపడ్డ బట్టే. దేనికీ పనికిరాని ధూళి సైతం వ్యర్థం కాలేదు. వేక్‌ఫీల్డు పరిసరాల్లో రూబార్బు తోటలకు ఎరువయింది.

కాలక్రమాన కృత్రిమనూలు వచ్చి యార్క్‌షైరులో ఆ వ్యాపారం సన్నగిల్లింది. కాని దయ్యం చావలేదు, ఊరు మారింది. మనం యుద్ధాల పేరిట బట్టీపట్టిన పానిపట్టు నేడు పాత ఉన్నిగుడ్డల పరిశ్రమకు పేరుమోసిన ఊరు. పడమటి దేశాలు వదిలేసిన కోట్లూ స్వెట్టర్లూ కాండ్లా రేవులో దిగుతాయి. మళ్లీ తొడుక్కోవడానికి పనికిరాకుండా కోసినవాటినే గుడ్డపీలికలుగా రానిస్తారు. పానిపట్టులో ఆడవాళ్లు కత్తిపీటల వంటి కత్తులముందు కూర్చుని గుండీలూ జిప్పులూ ఊడదీసి, రంగులవారీగా కుప్పలు పోస్తారు. ఎరుపు కుప్పలోంచి ఎర్రనూలే వస్తుంది కనుక మళ్లీ అద్దకం అక్కరలేదు. ఆ నూలుతో నేసిన చవక దుప్పట్లు వరదబాధితులకూ భూకంపబాధితులకూ పంచుతారు. 2012లో వచ్చిన 'అన్‌రావెల్' అనే డాక్యుమెంటరీలో అక్కడి ఆడవాళ్లు, ఇంత మంచి బట్టలను ఆ దేశాలవాళ్లు ఎందుకు పారేస్తున్నారా అని తమలో తాము తర్కించుకుంటారు. బహుశా అక్కడ నీళ్లు ప్రియమేమో, ఉతుక్కోలేక పారేస్తున్నారేమో అనుకుంటారు! నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆ తరువాత పాలియెస్టరు దుప్పట్లు వచ్చి అక్కడి షాడీ మిల్లులను కూడా దెబ్బతీశాయి.

మా నాయనమ్మ ఇచ్చినవి నూలుబట్టలు. వాటిలో బాగున్నవి మరో పేదయింటికీ, తక్కినవి కార్ఖానాల్లో తుడుపుగుడ్డలుగానూ పోయుంటాయి. ఆ ఆనవాలు నాకు దొరకదు. ఆమె కుట్టిన బొంత మాత్రం మా ఇంట్లో ఉంది. అందులో మా తాత పంచె ఎక్కడుందో, అమ్మ చీర ఎక్కడుందో చూపగలను. పానిపట్టు దుప్పటిలో ఎవరి కోటుందో ఎవరూ చూపలేరు. అది సరే. దాన్ని విప్పిన చేతులెవరివో, ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో పేరుకుందో కూడా మనం అడగడం లేదు. ఈసారి పాతబట్టల మూట కట్టేటప్పుడు ముడి బిగించేముందు ఒక్కసారి ఆ చేతులను తలుచుకుందామా?