గండికోట: వారసత్వానికి వచ్చే నిధులు ఊరికి ఎలా అందుతాయి?

కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర, ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నా నది పారే చోట గండికోట ఉంది. ఆ గండి వల్లే కోటకు ఆ పేరు. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికే వచ్చి ఆయన్ని కలిశాడు. మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం అన్నీ ఒకే కోటలో ఉన్నాయి. లోపల ఊరు కూడా ఉంది. అందుకే ఇక్కడ ఖర్చయ్యే ప్రతి రూపాయి రాళ్లకే కాదు, ఇళ్లకూ సంబంధించిందే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

*కేంద్రం ఇచ్చే వడ్డీలేని అప్పు:* 2024 నవంబరులో కేంద్రం 23 రాష్ట్రాల్లో 40 పర్యాటక ప్రాజెక్టులకు సుమారు 3,295 కోట్లు మంజూరు చేసింది. అందులో గండికోటకు దాదాపు 78 కోట్లు వచ్చాయి. తెలంగాణలో రామప్ప ప్రాంతం, సోమశిల కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఇది గ్రాంటు కాదు, 50 ఏళ్లలో రాష్ట్రం తీర్చాల్సిన అప్పు. పైగా ఇది పెట్టుబడి పనులకు ఉద్దేశించింది. ఊరివాళ్ల చేతికి నేరుగా పైసలు రావు.

*కంపెనీల డబ్బు:* 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. చారిత్రక కట్టడాల మరమ్మతు కూడా ఆ పనుల్లో ఒకటి. 2017లో మొదలైన 'వారసత్వ దత్తత' పథకం కింద 2018లో ఒక సిమెంటు కంపెనీ ఎర్రకోటతో పాటు గండికోటనూ తీసుకుంది. దత్తత అంటే యాజమాన్యం మారడం కాదు. తాగునీరు, మరుగుదొడ్లు, బోర్డులు, దీపాలు లాంటి సౌకర్యాల బాధ్యత మాత్రమే.

*చందాలు:* 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధికి ఎవరైనా విరాళం ఇవ్వొచ్చు. ఫలానా కట్టడానికే వాడాలని కోరవచ్చు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు సొంతూరి కట్టడం కోసం ఏదైనా చేద్దామనుకుంటే తెలుసుకోవాల్సిన దారి ఇది.

మరమ్మతు మన చేతుల్లో ఉందా?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పాత మసీదు గోడ పెచ్చులూడితే నలుగురూ చందా వేసుకుని సిమెంటు పూయించేస్తారు. రక్షిత కట్టడాల విషయంలో అలా కుదరదు. 1958 చట్టం ప్రకారం అనుమతి లేకుండా ముట్టుకుంటే నేరం. పైగా పాత సున్నపు గోడకు సిమెంటు మేలు చేయదు, లోపలి తేమను బయటికి పోనివ్వక రాయినే తినేస్తుంది. 2010 సవరణ తర్వాత రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. పాత ఇంటి రిపేరుకైనా ముందు దరఖాస్తు పెట్టాల్సిందే. గది కడదామనుకునే కుటుంబం మేస్త్రీని పిలిచే ముందు ఈ కొలత చూసుకోవడం మంచిది.

ఇంటికి వచ్చే ఆదాయం

పర్యాటకుడు పొద్దున కారులో వచ్చి, గండి దగ్గర ఫొటో దిగి, సాయంత్రానికి వెళ్లిపోతే ఊరికి మిగిలేది చెత్తే. రాత్రి ఉంటేనే భోజనం, టీ, గైడు, ఆటో అన్నిటికీ పని దొరుకుతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్ హోంస్టేలకు ముద్రా రుణాలు ప్రకటించింది. వీటికి ఆస్తి తనఖా అక్కర్లేదు గానీ వడ్డీ ఉంటుంది. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు బంధువులతో లాభనష్టాల్లో వాటా పెట్టుకుని ఒక్క గదితోనైనా మొదలుపెట్టవచ్చు. శుభ్రమైన గది, బాత్రూమ్, ఇంటి ఆడవాళ్ల చేతి వంట ఉంటే చాలు.

భూదాన్ పోచంపల్లి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు పొందింది. అక్కడ వచ్చినవాళ్లకు చూపించేది మగ్గం మీద ఇంకా నడుస్తున్న పని.

గ్రామసభలో అడగాల్సినవి

మంజూరైన పనుల జాబితా ఏది? దుకాణాల కేటాయింపులో ఊరివాళ్లకు వాటా ఉందా? గైడు శిక్షణ స్థానిక పిల్లలకు ఇస్తారా? అయిదేళ్ల తర్వాత మరుగుదొడ్లు ఎవరు కడుగుతారు, ఆ జీతం ఎవరిస్తారు? నోటితో అడిగితే సరిపోదు, తీర్మానంలో రాయించాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది, దాని రుసుము పది రూపాయలకు మించదు.