విత్తు కొడితే ఒళ్లు వస్తుందా?

మగ జీవానికి విత్తు కొట్టిస్తే త్వరగా ఒళ్లు చేస్తుందనే మాట రాయలసీమ పల్లెల్లో పాతది. కుందేళ్ల పెంపకం వచ్చాక అది అక్కడికీ పాకింది. మాంసం పెంచడానికి మనిషి ముందు విత్తు కొట్టడం, తర్వాత హార్మోను కనిపెట్టాడని చెప్పే చరిత్రలూ ఉన్నాయి. నాకు ఆ వరస తప్పుగా తోస్తుంది.

కోడెను కాడికి లొంగదీయడానికి విత్తు కొట్టారు, అందులో వివాదం లేదు. 1849లో గొట్టింగెన్‌లో శాస్త్రవేత్త బెర్తోల్డ్ విత్తులు తీసిన పుంజుల్లో వృషణాన్ని తిరిగి అమర్చితే తురాయి, కూత నిలిచాయి. హార్మోను శాస్త్రానికి బీజం పడింది అక్కడే.

ఇక మన వైపు చూస్తే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలోది. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ పశుజాతుల మెరుగుదల గురించి చర్చించింది. 1940 మద్రాసు పశుసంపద అభివృద్ధి చట్టం ఆబోతులకు లైసెన్సు ఉండాలని, పనికిరాని కోడెలకు విత్తు కొట్టాలని అన్నది. నల్లమల అడవిలో మేతకు కలిసి వెళ్లే మందల్లో ఏ కోడె ఏ ఆవును దాటుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు గనక అధికారుల తాపత్రయం అర్థమవుతుంది. కర్రల మధ్య నలిపే పద్ధతికి బదులు బుర్డిజో పటకారు వచ్చింది. చర్మం తెగకుండా అది వృషణానికి పోయే రక్తనాళాల తాడును నొక్కుతుంది. రెండు వైపుల నొక్కులూ ఒకే గీత మీద పడకూడదు, పడితే సంచికి రక్తం అందదు. ఇదంతా జాతి కోసం, దుక్కి కోసం. మాంసం బరువు ఇందులో ఎక్కడా లేదు.

ఆ వరసలో అసలు చిక్కు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్‌తో వచ్చింది. 1938లో లండన్‌లో డాడ్స్ బృందం తయారుచేసిన ఈ కృత్రిమ ఆడ హార్మోను ఈస్ట్రోజన్‌ను 1940లలో అమెరికాలో పుంజుల మెడ చర్మం కింద గుళికగా పెట్టారు. కత్తి లేకుండానే విత్తు తీసిన పుంజులా కొవ్వు పట్టేది. 1954లో అయోవాలో బరోస్ కృషితో అదే మందు ఎద్దుల మేతలోకి వెళ్లింది. అక్కడ ఫలితం తిరగబడింది: కొవ్వు తగ్గి కండ పెరిగింది. పుంజులో విత్తు కొట్టిన పని చేసిన మందే, ఎద్దులో విత్తు కొట్టడం వల్ల పోయిన ఎదుగుదలను కొంత తిరిగి ఇచ్చింది! కోళ్లలో దాన్ని 1959లో, పశువుల్లో 1979లో ఆపారు. ఐరోపా 1989 నుంచి హార్మోను మాంసాన్నే రానివ్వలేదు.

పొట్టేళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఒకే మేత మీద విత్తు కొట్టని పొట్టేలు త్వరగా, తక్కువ కొవ్వుతో పెరుగుతుంది. కొట్టినది నెమ్మదిస్తుంది, పోట్లాడదు, వాసన తక్కువ. అవి మంచి కారణాలే, పెరుగుదల మాత్రం వాటిలో లేదు. కంటికి కనిపించే ఒళ్లు కొవ్వు.

కుందేలు దగ్గర వాదన ఇంకా తేలిపోతుంది. 10–12 వారాలకు రెండు కిలోల దరిదాపుల్లో అమ్ముడయ్యే జీవికి విత్తులు ఈడుకొచ్చేది నాలుగైదు నెలలకు. ఇంకా పూర్తిగా పనిచేయని దాన్ని తీసేసి లాభమేమిటి? మిగిలేది గాయం. ఎక్కువ కాలం ఉంచే మగవి ఒకదాన్నొకటి కరుచుకుంటే అది వేరే సంగతి, దానికి బోను విడిగా పెడితే చాలు. హార్మోను గుళికల మాట సరేసరి.

కుందేళ్లు అమ్మి, వాటి పిల్లల్ని తామే కొంటామనే వ్యాపారులు ఎండ సంగతి చెప్పరు. 30 డిగ్రీలు దాటితే కుందేలు మేత తగ్గిస్తుంది, మగవాటి వీర్యం చెడుతుంది. ఆత్మకూరు ఎండ నలభై దాటుతుంది. రేకుల కింద బోనులు పెట్టి బరువుకు ఇంజెక్షన్ అడిగేవాళ్లు ముందు బోదగడ్డి కప్పు వేయాలి, పక్కలకు తడిపిన గోనెపట్టాలు కట్టాలి.