రాజు ఒక్కడే, రాజ్యాలు రెండు: స్వేచ్ఛ ఎవరికి?

1814 జనవరిలో కీల్ ఒప్పందం కింద డెన్మార్క్ రాజు నార్వేను స్వీడన్ రాజుకు రాసిచ్చాడు. నార్వే జనాన్ని ఎవరూ అడగలేదు.

నార్వే ఊరుకోలేదు. ఐడ్స్‌వోల్‌లో 112 మంది ప్రతినిధులు సమావేశమై మే 17 నాటికి సొంత రాజ్యాంగం రాసుకున్నారు. స్వీడన్ దండెత్తింది. చిన్న యుద్ధం తర్వాత రాజీ కుదిరింది. రాజు ఒక్కడే, రాజ్యాలు మాత్రం రెండు. నార్వేకు తన రాజ్యాంగం, తన పార్లమెంటు మిగిలాయి. విదేశాంగం స్వీడన్ చేతిలోకి పోయింది. ఆ పెత్తనం మీది గొడవతోనే 1905లో ఈ బంధం తెగింది.

మిత్రులారా, ఆ రాజ్యాంగంలో రెండో ఆర్టికల్ కూడా చదవాలి. యూదులు దేశంలో అడుగుపెట్టకూడదని అందులో రాశారు. తమను అడగకుండా చేతులు మార్చారని తిరగబడ్డవాళ్లే ఆ మాట రాశారు! దాన్ని సమర్థించిన ప్రతినిధుల్లో నికోలాయ్ వెర్గెలాండ్ ఒకడు. ఆయన కొడుకు, కవి హెన్రిక్ వెర్గెలాండ్, దాన్ని తీసేయాలని పోరాడుతూనే 1845లో చనిపోయాడు. నిషేధం 1851లో గానీ పోలేదు.

1905 రెఫరెండంలో విడిపోదామని 3,68,208 ఓట్లు, వద్దని 184. ఆడవాళ్లకు ఓటే లేదు. వాళ్లు రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి తమ మాట చెప్పారు.

పైవాడి పెత్తనం పోవాలనేవాడు కిందివాడి మీద తన పెత్తనం వదులుకుంటున్నాడా? ఏ దేశ స్వాతంత్ర్య చరిత్ర చదివినా ముందు ఈ ప్రశ్న అడగండి.