పసిబిడ్డ మెదడుకు స్టెమ్ సెల్స్: ఏ దారిన చేరుస్తున్నారు?

పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక బిడ్డ మెదడు దెబ్బతింటే, ఇక్కడ అమెరికా ఆసుపత్రుల్లో ఆరు గంటల్లోపు ఒంటిని చల్లబరచడం మొదలుపెడతారు. 72 గంటలపాటు 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. అయినా అందరు బిడ్డలూ కోలుకోరు. అందుకే స్టెమ్ సెల్స్ మీద అంత ఆశ. మన తెలుగు గ్రూపుల్లో ఈ మాట వస్తే బొడ్డుతాడు రక్తం దాచాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతాం. బీఎస్సీ చదివిన నాకైతే ఆ కణాలు మెదడుకు ఎలా చేరతాయన్నదే అసలు ప్రశ్న.

సెలైన్ పెట్టినట్టు నరానికి ఎక్కించడం తేలిక. నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 23 మంది బిడ్డలకు వాళ్ల సొంత బొడ్డుతాడు రక్తంలోని కణాలనే ఇలా ఎక్కించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాతి పెద్ద ట్రయల్‌కు తగినంతమంది దొరకక మధ్యలో ఆపేశారు. పైగా నరంలోకి వెళ్లినదేదైనా ముందు ఊపిరితిత్తులకే చేరుతుంది. ఎముక మజ్జ నుంచి పెంచే మెసెంకైమల్ కణాలు పెద్దవి కాబట్టి చాలావరకు అక్కడే చిక్కుకుంటాయి.

సియోల్‌లోని శామ్‌సంగ్ మెడికల్ సెంటర్ డాక్టర్లు సూదితో నేరుగా మెదడులోని ద్రవపు గదుల్లోకే ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టి, మెదడులో తీవ్రంగా రక్తస్రావమైన 9 మంది బిడ్డలకు. 2018లో ఆ వివరాలు వచ్చాయి. కణాలు చేరడం ఖాయమే గానీ, అంత చిన్న తలలో సూది!

నన్ను ఆశ్చర్యపరిచింది ముక్కు దారి. ముక్కు పైన, వాసన నరాలు దూరే చోట జల్లెడలాంటి ఎముక ఉంటుంది. ఎలుకల్లో ఆ దారినే కణాలు లోపలికి పోయి, దెబ్బతిన్న చోటు విడుదల చేసే రసాయన సంకేతాలను పట్టుకుని అక్కడికి చేరాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో, పుట్టుకతో స్ట్రోక్ వచ్చిన 10 మంది బిడ్డలకు వారం లోపే, దాత మజ్జ నుంచి తీసిన సుమారు 5 కోట్ల కణాలను ఒక్కసారి ముక్కులో చుక్కలుగా వేశారు. ఒకరికి కొద్దిగా జ్వరం వచ్చింది, అంతే. 2022లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన ఈ పరిశోధనలో పోల్చి చూడటానికి మందు ఇవ్వని బిడ్డల గుంపు లేదు. కాబట్టి సురక్షితమనే ఆశ కలిగిందే తప్ప, పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు.

ఈ మెసెంకైమల్ కణాలు కొత్త మెదడుగా మారవు. మరమ్మతుకు తోడ్పడే ప్రోటీన్లు వదిలి, కొద్ది రోజుల్లో పోతాయి. పైన చెప్పినవన్నీ పుట్టిన తొలి రోజుల్లో, వారాల్లో చేసినవే. నాలుగేళ్ల సెరిబ్రల్ పాల్సీ బిడ్డకు ఇవే కాగితాలు చూపించి లక్షలు అడిగితే నమ్మకండి. ఇండియాలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి చికిత్స అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలి. ఊళ్లో అక్కకో మరదలికో ఎవరైనా ఆశ చూపిస్తే ముందు సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగమనండి. దాన్ని ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో మనం చూసి చెప్పొచ్చు.